దాచిన ఇల్లు, ఇవ్వని పాలు

హారోలో మేముంటున్న వీధి నుండి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో హెడ్‌స్టోన్ మేనరు అనే పాత కొయ్య ఇల్లు ఒకటి ఉన్నది. చుట్టూ నీటి అగడ్త, అగడ్త మీద చిన్న వంతెన. దూలాల లోపలి వలయాలు లెక్కపెట్టి ఆ చెట్లను 1310 ప్రాంతంలో కొట్టారని నిపుణులు తేల్చారు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్పుల సొత్తుగా ఉండి, 1546లో ఎనిమిదవ హెన్రీ రాజుకు దఖలు పడిన ఇల్లది. పక్కనే 1506లో కట్టిన ధాన్యపు కొట్టం, నేటికీ చెక్కు చెదరకుండా నిలిచి ఉన్నది. 1986 నుండి ఇక్కడ హారో మ్యూజియం నడుస్తున్నది. లాటరీ నిధుల సాయంతో పెద్ద మరమ్మతు జరిగి 2017 చివరలో తిరిగి తలుపులు తెరిచారు.

ఒక శనివారం మా అమ్మాయిని తీసుకుని అక్కడికి వెళ్ళాము. దూలాన్ని చేత్తో తడిమి చూసి ఆ పిల్ల ఒకటే ప్రశ్న వేసింది: "మన ఇల్లు ఎన్నేళ్ళది?" హారోలో మేముండే ఇల్లు సంగతి కాదు ఆమె అడిగింది. మారిషస్‌లో మా తాతగారి ఇల్లు. చెరకు తోట కాంపులో చెరకాకు కప్పిన ఆ ఇల్లు 1960 ఫిబ్రవరిలో కెరోల్ తుఫానుకు లేచిపోయింది. దాని గుంజ ఒక్కటి కూడా ఎక్కడా మిగలలేదు. లెక్కపెట్టడానికి వలయాలెక్కడివి?

ఆ ప్రశ్న మనసులో ఉండగానే ఆ చలికాలం రెండు సంగతులు చదివాము. ఒకటి నార్వే దేశస్థులు తమ పాత కొయ్య కట్టడాలను ఎలా దక్కించుకున్నారన్న చరిత్ర. రెండవది నోరా ఇక్‌స్టెన అనే లాట్వియా రచయిత్రి నవల. నార్వే ఎక్కడ, లాట్వియా ఎక్కడ, మన కోరంగి ఎక్కడ అని పాఠకులు అడగవచ్చు. అడగవలసిందే. అయితే ఈ రెండూ చిన్న దేశాలు, రెండూ ఇతరుల ఏలుబడిలో నలిగినవి. నార్వే 1814 వరకు డెన్మార్కు కింద, ఆ తరువాత 1905 వరకు స్వీడన్ రాజు కింద ఉన్నది. లాట్వియా 1918లో స్వతంత్రం ప్రకటించుకుని, 1940లో సోవియట్ల పాలై, 1991లో మళ్ళీ బయటపడింది. తమదంటూ ఏది మిగుల్చుకోవాలన్న చిక్కు ఇద్దరికీ వచ్చింది. తోట కూలీల సంతతి వారమైన మనకూ అదే చిక్కు. వాళ్ళు దానిని ఎలా విప్పుకున్నారో చూడడం వృథా కాదని మా నమ్మకం.

ముందు నార్వే సంగతి. మధ్యయుగంలో అక్కడ నిలువు కొయ్యలతో కట్టిన చర్చిలు వందలకొద్దీ ఉండేవి. వాటిని స్టేవ్ చర్చిలంటారు. ఇప్పుడు మిగిలినవి 28. తక్కినవి శత్రువులు కూల్చినవి కావు. చాలావాటిని ఊరివాళ్ళే పడగొట్టుకున్నారు. చర్చి ఇరుకు, చీకటి, చలి. జనం పెరిగారు, కొత్తది కావాలి. వాంగ్ అనే ఊళ్ళో 1841లో పాత చర్చిని వేలం వేశారు. దానిని కాపాడడానికి పూనుకున్నవాడు యోహాన్ క్రిస్టియన్ డాల్ అనే చిత్రకారుడు. ఆయన నార్వేలో పుట్టి జర్మనీలోని డ్రెస్‌డెన్‌లో ఆచార్యుడుగా స్థిరపడినవాడు. ప్రష్యా రాజును ఒప్పించి కొనిపించి, కొయ్యలన్నీ విప్పించి ఓడకెక్కించాడు. నేడు ఆ చర్చి పోలండ్ కొండల్లో కార్పాచ్ అనే ఊళ్ళో ఉన్నది. వాంగ్‌లో లేదు.

ఈ కథలో మమ్మల్ని ఆపిన విషయం ఒకటున్నది. ఆ చర్చిలో చలికి వణుకుతూ కూర్చున్నవాళ్ళకు అది బరువైంది. డ్రెస్‌డెన్‌లో కూర్చున్నవాడికి అది రత్నమైంది. దూరం వెళ్ళినవాడి కన్ను వేరు. మనలో లండనుకో పారిస్‌కో వచ్చినవాళ్ళు సెలవులకు ఇంటికి వెళ్ళి, పాత గుడి పడగొట్టి కాంక్రీటు గుడి కట్టారని అక్కడి పెద్దలను నిలదీయడం మేము విన్నాము; మేమూ ఆ పని చేశాము. వాన కారే గుడిలో దీపం పెట్టినవాళ్ళు మాత్రం వాళ్ళు.

డాల్ వంటివారి పూనికతోనే 1844లో పురాతన కట్టడాల రక్షణకు నార్వేలో ఒక సంఘం పుట్టింది. ఆ సంఘం చందాలు పోగుచేసి 1877లో బోర్గుండ్ చర్చిని ఏకంగా కొనేసింది, నేటికీ దానిదే. చట్టం కోసం, సర్కారు కోసం కూర్చోకుండా చందా పుస్తకం పట్టుకుని బయలుదేరడం మన మహాసభల పెద్దలకు కొత్త కాదు. అందుకే ఈ ముచ్చట చెప్పాము.

అంతకంటె మాకు నచ్చినవాడు ఆండర్స్ సాండ్విగ్. ఆయన పళ్ళ డాక్టరు. 1885లో లిల్లెహామర్ అనే ఊరికి వచ్చి, చుట్టుపట్ల లోయలో రైతుల పళ్ళు చూస్తూ తిరిగేవాడు. తిరిగిన చోటల్లా పాత పెట్టెలు, గిన్నెలు, మగ్గాలు కొనేవాడు. తరువాత ఇళ్ళే కొనడం మొదలుపెట్టాడు. తన దొడ్లో చోటు చాలక చివరకు ఊరికి అప్పగించాడు. 1904లో మైహౌగెన్ అనే చోట అవన్నీ జనం చూడడానికి తెరిచారు. ఇప్పుడక్కడ సుమారు రెండు వందల కట్టడాలున్నవి. అంతకు పదేళ్ళ ముందే, 1894లో, హాన్స్ ఔల్ అనే ఆయన రాజధానిలో జానపద మ్యూజియం స్థాపించాడు.

కొయ్య దానంతట అది నిలవదు. స్టేవ్ చర్చిలకు పైన్ చెట్ల తారు పూస్తారు. కొన్నేళ్ళకొకసారి మళ్ళీ మళ్ళీ పూయాలి. ఎంత పూసినా ఒక్క అగ్గిపుల్ల చాలు. 1992లో బెర్గెన్ దగ్గరి ఫాన్‌టోఫ్ట్ చర్చిని ఎవరో తగలబెట్టారు. అయిదేళ్ళలో అదే కొలతలతో తిరిగి కట్టారు. అది పాతదా కొత్తదా అని అక్కడి పండితులు వాదించుకుంటే వాదించుకోనివ్వండి. కొలతలు రాసి పెట్టుకున్నారు గనుక కట్టగలిగారు. మేము గమనించింది అంతవరకే.

ఇక వలస సంగతి. నార్వే నుండి సుమారు ఎనిమిది లక్షల మంది అమెరికాకు పోయారు. హమార్ దగ్గర ఒక వలస మ్యూజియం ఉన్నది. అమెరికాలో నార్వే రైతులు కట్టుకున్న ఇళ్ళను, చర్చిని విప్పి, సముద్రం దాటించి అక్కడ నిలబెట్టారు. ఇంకొకటి వినండి. 1893 షికాగో ప్రదర్శనకు ఓర్క్‌డాల్ అనే ఊళ్ళో ఒక కొయ్య మంటపం చేసి ఓడలో పంపారు. అది అమెరికాలో చేతులు మారుతూ నూరేళ్ళకు పైగా ఉండిపోయింది. దానిని చేసిన ఊరివాళ్ళు వెళ్ళి, కొని, విప్పి, 2017లో తమ ఊళ్ళో తిరిగి నిలబెట్టుకున్నారు. తమ తాతలు చెక్కిన కొయ్య అని వాళ్ళు చెప్పుకున్నారు.

చదివి పులకించాము. ఆ వెంటనే కడుపులో కలుక్కుమంది. మన ఇంటిని ఎవరు వెనక్కు తీసుకువెళతారు? ఎక్కడికి? మారిషస్‌లో మనల్ని కోరంగీలు అన్నారు, మనం ఓడ ఎక్కిన రేవు పేరుతో. ఆ రేవును 1839 నవంబరులో ఉప్పెన తుడిచిపెట్టింది. నేడు కాకినాడ దగ్గర మడ అడవుల అంచున కోరంగి ఒక పల్లె. ఉప్పెన తిన్న ఊరి నుండి వచ్చి, తుఫాను తిన్న ఇంట్లో ఉన్నాము.

తోటల్లో మిగిలినవి ఏవో చూడండి. మోకాలో 1830 నాటి యూరేకా భవనం ఉన్నది. దొరల ఇల్లు, నూరు తలుపులు, కిటికీలు, యాత్రికులు టిక్కెట్టు కొనుక్కుని చూస్తారు. కాంపు గుడిసె ఒక్కటి కూడా నిలవలేదు. నార్వేలోనూ మొదట కన్ను పడింది చెక్కడపు పనివాడితనం ఉన్న ఇళ్ళ మీదనేగాని పాలేరు గుడిసె మీద కాదు. కాని అక్కడ పాలేరు కొంపకూ తరువాత మ్యూజియంలో చోటు దొరికింది. మనకు దక్కింది రాయి. పోర్ట్ లూయీలో 1849లో కట్టిన వలస డిపో మెట్లు, కొన్ని గోడలు. కూలీ ఘాట్ అనే పేరు 1987లో ఆప్రవాసి ఘాట్‌గా మారింది. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. 1834 నుండి 1920 లోపు దాదాపు అయిదు లక్షల మంది ఆ ద్వీపంలో దిగారు. ఆ మెట్ల మీద నిలబడితే ఎవరికైనా గుండె బరువెక్కుతుంది. కాని మెట్లు మాట్లాడవు. ఎక్కినవాడు ఏమనుకున్నాడో అవి చెప్పవు.

అందుకే రెండవ పుస్తకం దగ్గరకు వస్తున్నాము.

లాట్వియా వారికి మాటే ఇల్లు. క్రిష్యానిస్ బారొన్స్ అనే ఆయన జానపద పాటలు, వాళ్ళ మాటలో దైనాలు, ఒక్కొక్కటి ఒక్కొక్క చీటీ మీద రాసి, సొరుగుల బీరువాలో సర్దాడు. 1894 నుండి 1915 వరకు ఆరు సంపుటాలుగా అచ్చువేశారు. పాటలు రెండు లక్షలకు పైగా. ఆ బీరువాను 2001లో యునెస్కో ప్రపంచ జ్ఞాపకాల పట్టికలో చేర్చింది. లాట్వియన్ మాట్లాడేవారు ఇరవై లక్షల లోపే. తెలుగువారు ఎనిమిది కోట్ల పైచిలుకు. ఈ లెక్క మనసులో పెట్టుకుని ముందుకు చదవండి.

నోరా ఇక్‌స్టెన నవల 2015లో వెలువడింది. పేరుకు 'తల్లి పాలు' అని అర్థం. మార్గిత గైలిటిస్ ఇంగ్లీషులోకి తర్జుమా చేయగా 2018లో పెయిరీన్ ప్రెస్ వారు 'సోవియట్ పాలు' అనే పేరుతో వేశారు. ఇరవయ్యవ శతాబ్దపు లాట్వియా గురించి పదముగ్గురు రచయితలు తలా ఒక కాలం పంచుకుని రాసిన నవలల వరుసలో ఇదొకటి. ఆ వరుస పేరు 'మేము'. ఆ పేరు చూసి మేము కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాము.

కథ ఇద్దరు చెబుతారు, తల్లి ఒకసారి, కూతురు ఒకసారి. ఇద్దరికీ పేర్లు లేవు. తల్లి 1944లో పుట్టింది, కూతురు 1969లో. తల్లి స్త్రీల వైద్యురాలు, చాలా తెలివైనది. బిడ్డ పుట్టగానే పాలివ్వకుండా కొన్నాళ్ళు ఇంటి నుండి మాయమవుతుంది. తనలో ఉన్న చేదు పాలతో పాటు బిడ్డకు దిగుతుందని ఆమె భయం. బతకాలన్న కోరిక లేని తల్లి బిడ్డకు ఇవ్వగలిగిన మేలు, ఇవ్వకుండా ఉండడమేనని ఆమె లెక్క. లెనిన్‌గ్రాడ్‌లో పెద్ద చదువుకు వెళ్ళి, భార్యను హింసించే ఒక మాజీ సైనికుడిపై చెయ్యి చేసుకున్నందుకు పదవి పోగొట్టుకుని పల్లెటూరి ఆస్పత్రికి చేరుతుంది. కూతురు ఆమె వెంట వెళ్ళి, తల్లికి తానే తల్లి అవుతుంది. బడిలో పాలు తాగమంటే ఆ పిల్లకు కడుపులో తిప్పుతుంది. 1989లో, బెర్లిన్ గోడ పడడానికి కొద్ది ముందు తల్లి చనిపోతుంది.

ఈ నవలలో లోపాలు లేవని మేము అనము. పాల గుర్తును రచయిత్రి అవసరానికి మించి వాడింది. పిల్లల్ని తినే చిట్టెలుక వచ్చేసరికి మాకు విసుగు పుట్టింది. అప్పటికే అర్థమైంది కదమ్మా, మళ్ళీ ఎందుకు అనిపించింది. తల్లి గొంతు, కూతురి గొంతు కొన్ని పుటల్లో విడిగా వినిపించవు. చివర గోడ పడడం, తల్లి పోవడం ఒకచోట కలవడం చరిత్ర పుస్తకానికి అందమేగాని మనిషి చావుకు కాదు. తర్జుమాలో చదివాము కనుక భాష గురించి తీర్పు చెప్పే అర్హత మాకు లేదు.

ఇంతా చెప్పి ఈ పుస్తకం గొప్పదంటాము. ఎందుకంటే జాతి పక్షాన రాస్తూ, జాతిని పొగడలేదు. పాటల బీరువా గల జాతి ఆడపడుచు, తన తల్లి తనకు ఏమి ఇవ్వలేదో రాసింది. ప్రేమ లేక ఇవ్వలేదనలేదు. ప్రేమ ఉండీ ఇవ్వలేదని రాసింది. దీనికి సాహసం కావాలి. 'మేము' అని రాసేవాళ్ళకు మరీ కావాలి. ఈ వ్యాసంలో మేమూ 'మేము' అనే అంటున్నాము కదా.

లాట్వియన్లు మన కథకు మరీ దూరం కూడా కారు. యుద్ధం తరువాత 1946, 1947లలో జర్మనీ శిబిరాల్లోని బాల్టిక్ కాందిశీకులను బ్రిటన్ 'బాల్ట్ సిగ్నెట్', 'వెస్ట్‌వర్డ్ హో' అనే పథకాల కింద తెచ్చుకుని ఆస్పత్రులకు, మిల్లులకు, పొలాలకు పంపింది. పెట్టిన చోటే పని చేయాలి. అనుమతి లేనిదే మారరాదు. మన తాతల ఒప్పందం అయిదేళ్ళది, కొరడాతో కూడినది. రెంటినీ ఒకే కాటాలో వేయము. అయినా ఒప్పంద కాగితం మీద వేలిముద్ర వేసి వచ్చినవాళ్ళ మనుమలకు ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది.

మరి మనలో రాసినవాళ్ళు లేరా? ఉన్నారు. అభిమన్యు అనత్ 1977లోనే 'లాల్ పసీనా' హిందీలో రాశారు. తెలుగు ఇంటి బిడ్డల్లో అందరికంటె పేరుపొందినది ఆనంద దేవి. 1957లో మారిషస్‌లోని త్రువా బుతీక్‌లో పుట్టి, ఇక్కడే లండన్ విశ్వవిద్యాలయంలోని ప్రాచ్య, ఆఫ్రికా విద్యల కళాశాలలో మానవశాస్త్రంలో డాక్టరేటు చేశారు. మారిషస్ తెలుగువారి అస్తిత్వం మీద ఆమె రాసిన పరిశోధన గ్రంథాన్ని మోకాలోని మహాత్మా గాంధీ సంస్థ 1990లో అచ్చువేసింది. 2024లో అమెరికా వారి న్యూస్టాడ్ట్ అంతర్జాతీయ బహుమతి ఆమెకు వచ్చింది. నవలలు మాత్రం ఫ్రెంచిలో రాస్తారు.

ఆమె 1993 నవల 'ద్రౌపది మేలిముసుగు'ను ఇక్‌స్టెన నవల పక్కన పెట్టి చదవమని మనవి. అక్కడ బిడ్డ జబ్బుపడితే తల్లిని నిప్పుల గుండం తొక్కమని ఇంటివాళ్ళు ఒత్తిడి చేస్తారు. ఒక తల్లి ఇవ్వనన్నది, ఇంకొక తల్లిని ఇవ్వమని తరుముతున్నారు. రెండు చోట్లా ఆడదాని ఒళ్ళే జాతి తన ఆచారం రాసుకునే పలక. ఇక్‌స్టెన తల్లి చుట్టూ ఉన్న నిర్బంధం సర్కారుది. పాఠకుడు సులువుగా కోపం తెచ్చుకోగలడు. ఆనంద దేవి నవలలో నిర్బంధం మనది, మన దేవుళ్ళ పేరున, మన అత్తల, మగల నోట. కనుక చదవడం కష్టం. ఆ కష్టం వల్లనే రెండింటిలో ఆనంద దేవి నవల వైపే మేము మొగ్గుతాము.

ఈమె తెలుగులో ఎందుకు రాయలేదని మన సభల్లో గొణుగుడు వినిపిస్తుంది. ఆ ప్రశ్న ఆమెను అడగడం న్యాయం కాదు. మనల్ని మనం అడుక్కోవాలి. రామభజనం రాత్రి దీపం చుట్టూ తిరుగుతూ మన పిల్లలు పాడతారు. చేతిలోని కాగితం మీద ఫ్రెంచి అక్షరాల్లో రాసుకున్న తెలుగు. గొంతు చక్కగా ఉంటుంది, అర్థం అడిగితే నవ్వుతారు. అది వారసత్వం కాదని మేము అనము. తారు పూసిన కొయ్య అది. భోజ్‌పురి వారి గీత్ గవాయి పాటలు 2016లో యునెస్కో గుర్తింపు పొందినవి; మన భజనకూ అటువంటిది రావాలని కోరుకునేవారిలో మేమూ ఉన్నాము. ఆ రోజు వస్తే స్వీట్లు పంచుతాము. కాని ఆ పట్టికలో ఎక్కని ఒక విషయం మన ఇళ్ళలో ఉన్నది. దాని మీద తోటల తెలుగులో రాసిన నవల మా చేతికి ఇంతవరకు రాలేదు. మన పత్రికల్లో అధ్యక్షుల సందేశాలు, పండుగ నివేదికలు, సన్మానాల ఫోటోలు ఉంటాయి. మన తల్లులు మనకు ఏమి ఇవ్వలేదన్నది ఉండదు.

మా అమ్మ మా నాయనమ్మతో వంటింట్లో తెలుగు మాట్లాడేది. గడప దాటి మా దగ్గరికి రాగానే క్రియోలు. చిన్నప్పుడు అది సహజమనుకున్నాము. ఇక్‌స్టెన నవల ముగించిన రాత్రి నిద్ర పట్టక, తెల్లవారి మారిషస్‌కు ఫోను చేసి అడిగాము: అమ్మా, మాతో తెలుగు ఎందుకు మాట్లాడలేదు?

చాలాసేపు పలకలేదు. "బళ్ళో నవ్వుతారని," అన్నది, క్రియోలులోనే. "మీ నాయనకు తోటలో అయినట్టు మీకు కాకూడదని." తోటలో ఏమైందో చెప్పలేదు. మేము రెట్టించలేదు.

పక్కన నిలబడిన మా అమ్మాయి ఫోను లాక్కుని, నాయనమ్మా, గాలికి పోయిన ఇల్లు ఎలా ఉండేది అని అడిగింది. మా అమ్మ క్రియోలులో మొదలుపెట్టి, ఇంటి లోపలికి వెళ్ళేసరికి తడబడింది. ఆ సామానుకు ఆమెకు క్రియోలు మాటలు లేవు. నిట్రాట అన్నది. దూలం అన్నది. వాసాలు, పెండెలు, చూరు. చూరులో నీ తాత కత్తి దోపేవాడు అన్నది. మా అమ్మాయి ఒక్కొక్కటీ మళ్ళీ చెప్పించుకుని, తనకు వచ్చిన అక్షరాల్లో కాగితం మీద రాసుకున్నది. నిట్రాట ఎంత ఎత్తు అని అడిగితే, నీ తాత చెయ్యెత్తితే కొసకు అందేది కాదు, ఇంకో మూర ఉండేది అని కొలత చెప్పింది.